వెనక తలుపు పక్కన వాల్వు

కొత్త హోటల్ వంటగది. గోడల సున్నం ఇంకా ఆరలేదు. హోటల్ యజమాని, ఆయన కోడలు.

"...అక్కడ కాదమ్మాయ్ అంటే నీకర్థం కాదా? తియ్. గోడకి పైపుని పట్టిన ఆ క్లాంపు తియ్ ముందు."

"తీయను మామయ్యా."

"తీయనంటే?"

"తీయనంటే తీయను అనే. ఇంకో అర్థం నాకు తెలీదు."

"గోడకి బెజ్జం కూడా పెట్టేశావా! నన్నడక్కుండా?"

"అడిగాను. పొద్దున అడిగితే నీ పని నువ్వు చూసుకో అన్నారు. చూసుకున్నాను."

"పని చూసుకోమన్నాను. హోటల్ చూసుకోమన్లేదు. మెయిన్ వాల్వు నా కౌంటర్ గదిలో ఉండాలి. నా కుర్చీ పక్కన. కూర్చున్నచోటి నుంచి చెయ్యి చాపితే అందాలి."

"మీ చెయ్యి అక్కడుంటుంది, సరే. మంట ఎక్కడుంటుంది?"

"మంటేంటి మధ్యలో? కొత్త వంటగదిలో నిలబడి మంటా గింటా అనకు."

"వంటగదిలో మంట అనకుండా ఏమనాలి మామయ్యా? దీపం అనాలా?"

"వెటకారం వద్దు."

"వెటకారం కాదు. ఈ వాల్వు దేనికో చెప్పండి."

"గ్యాసు కట్టడానికి. ఆమాత్రం నాకు తెలీదా? వంటవాళ్లు పొయ్యి వెలిగించి కబుర్లలో పడతారు. పైన గిన్నె ఉండదు, కింద భగభగ మండుతూ ఉంటుంది. నా కళ్లతో చూశాను. ఇలాంటిది చూడగానే టక్కున కట్టేస్తాను. దెబ్బకి దారికొస్తారు."

"దానికి ప్రతి పొయ్యికీ నాబ్ ఉంది. ఇది మొత్తానికి. బయట షెడ్డులో సిలిండర్ల నుంచి వచ్చే లైను అంతా దీని గుండానే లోపలికొస్తుంది. ఇది తిప్పితే పొయ్యిలు, ఓవెన్, వేపుడు నూనె తొట్టి, అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. దీన్ని పొదుపు కోసం పెట్టరు."

"మరి?"

"పొయ్యి దగ్గర ఏదైనా అంటుకుందనుకోండి. దగ్గరికి వెళ్లి నాబ్ తిప్పలేరు. చెయ్యి కాలుతుంది. అప్పుడు వంట చేసేవాళ్లు బయటికి పరిగెత్తుతూ, దారిలో దీన్ని కట్టేసి పోవాలి. అందుకే వెనక తలుపు పక్కన పెట్టాను. పొయ్యిలకి దూరం, తలుపుకి దగ్గర."

"నా గదిలో ఉంటే నేను కడతాను. పరిగెత్తేవాళ్లు పరిగెత్తనీ."

"మీకెలా తెలుస్తుంది?"

"అరుస్తారుగా!"

"పొగ గొట్టం ఫ్యాను తిరుగుతుంటే పక్కన నిలబడి మాట్లాడినా వినబడదు. ఇప్పుడే చూడండి, వేయనా?"

"అక్కర్లేదు. బెల్లు పెట్టిస్తాను. బెల్లు కొట్టగానే నేను కట్టేస్తాను. ఏం, సరిపోదూ?"

"మీరు బాత్రూమ్‌లో ఉంటే?"

"నేనెందుకుంటాను?"

"ఎందుకుంటారంటే ఏం చెప్పను మామయ్యా."

"హోటల్ నడిచేటప్పుడు నేను బాత్రూమ్‌కి వెళ్లను."

"సరే, మీరు వెళ్లరు. కౌంటర్ దగ్గర ఎవరో కస్టమర్ గొడవ పడుతున్నాడు. మీరు బయట నిలబడి సర్దిచెబుతున్నారు. బెల్లు మోగింది. అప్పుడు?"

"అప్పుడూ... అబ్బ, నువ్వు ఎన్నైనా చెబుతావు! పాత హోటల్లో ఇవన్నీ ఉన్నాయా? రబ్బరు గొట్టం, సిలిండర్, అగ్గిపుల్ల. అంతే. ఏమైంది? బతికే ఉన్నాం కదా అందరం."

"అత్తయ్యకి ఒక కనుబొమ్మ లేదు."

"అది... అది పుట్టుకతోనే అంతే."

"పెళ్లి ఫొటోలో రెండూ ఉన్నాయి మామయ్యా."

"ఫొటోలో పెన్సిలుతో దిద్దుంటారు. ఏమేవ్! ఏమేవ్, ఇటు రా ఒకసారి!"

"వస్తున్నానండీ. ఏంటండీ, వీధిదాకా వినబడుతోంది మీ గొంతు. టీ తెచ్చాను, తాగండి. అమ్మాయ్, నువ్వూ తీసుకో."

"టీ తర్వాత. నీ కనుబొమ్మకేమైందో నీ కోడలికి చెప్పు."

"ఎప్పటి సంగతో అది... ఇప్పుడెందుకులెండి."

"చెప్పవే!"

"చెప్పమని మీరే అంటున్నారా?"

"ఆఁ... అంటే... వద్దులే. టీ ఇలా ఇవ్వు."

"చూడమ్మా, ఆయన ఎలా అంటే అలా పెట్టేయరాదూ? ప్రారంభం ముంగిట ఈ పంతాలెందుకు? అందర్నీ పిలిచేశాం."

"అత్తయ్యా, లోపల పొయ్యి ముందు నిలబడేది మీరు. నేనడిగేది మీకోసం."

"నాకోసం ఎవరూ గొడవ పడక్కర్లేదమ్మా. అలవాటైపోయింది."

"విన్నావా? వంట చేసే మనిషికే లేదు బాధ. నీకెందుకు? అసలు వాడేడి? మీ ఆయన! వాణ్ణి పిలు, వాడు చెప్తాడు."

"హాల్లో నిచ్చెన మీదున్నారు. లైట్లు కడుతున్నారు."

"దిగమను!"

"చెప్పాను. మీ గొంతు విన్నప్పట్నుంచి ఇంకో మెట్టు పైకెక్కారు."

"చవట! ఇదిగో అమ్మాయ్, చివరిసారి చెబుతున్నాను. నా మాట వినని మనిషి నా ఇంట్లో..."

"ఇంట్లో వింటున్నాను కదా మామయ్యా. మీరు టీవీ గొంతు తగ్గించమంటే తగ్గిస్తాను. కిటికీ వేయమంటే వేస్తాను. ఇక్కడ నేను మీ కోడల్ని కాదు. ఫిట్టర్ని."

"ఎవరు పెట్టుకున్నారు నిన్ను ఫిట్టర్‌గా?"

"మీరే. ఇంట్లోనే ఫిట్టర్ ఉండగా బయటివాడెందుకు అని, నా పనిముట్ల సంచి మీరే మోసుకొచ్చి ఇక్కడ పెట్టారు."

"తప్పు చేశాను! వేరేవాణ్ణి పిలుస్తాను. ఈ మధ్యాహ్నమే పిలుస్తాను."

"పిలవండి."

"పిలుస్తాననే అంటున్నా!"

"నేనూ పిలవండనే అంటున్నా."

"టీ చల్లారిపోతోంది, ఇద్దరూ తాగండి. ఆ తర్వాత అరుచుకోండి."

అదే వంటగది, మధ్యాహ్నం. యజమాని పిలిపించిన ఫిట్టర్ పైపుల వంక చూస్తున్నాడు. కోడలు ఓవెన్ వెనకాల పనిలో ఉంది, అతనికి కనబడలేదు.

"పని భలే నీటుగా ఉంది సార్. ఒక్క వంకర లేదు. గోడలోంచి వచ్చినచోట తొడుగు కూడా వేశారు. ఎవరు సార్ వేసింది?"

"ఎవరో వేశార్లే. నువ్వు ఆ మెయిన్ వాల్వు పీకి, ముందు గదిలో, నా కుర్చీ పక్కన పెట్టాలి."

"పెట్టేద్దాం సార్. ఏముంది? పైపు పైకి తిప్పి, హాలు సీలింగు పలకల్లోంచి లాగి, అటు దింపేస్తే సరి. కనబడను కూడా కనబడదు."

"ఆ! విన్నావా అమ్మాయ్? ఏముంది అంటున్నాడు! ఏముందీ అని!"

"విన్నాను మామయ్యా. కనబడను కూడా కనబడదట."

"అక్కా! నువ్వా? ఇది నీ లైనా?"

"నాదే తమ్ముడూ. నువ్వు కానివ్వు. నిచ్చెన కావాలంటే ఇంకోటి తెచ్చుకో, ఉన్నదాని మీద మనిషున్నాడు."

"లేదక్కా, అంటే... సార్ అలా చెబితే..."

"సార్ చెప్పారుగా. చెయ్యి. నేనొక్కటే అడుగుతాను. పలకల పైన ఉన్న జాయింటు దగ్గర సన్నగా లీకైతే ఎవరికి వాసనొస్తుంది?"

"రాదక్కా."

"సబ్బునీళ్లు పెట్టి ఎలా చూస్తావు?"

"చూడలేం."

"నువ్వు వేస్తే లీకవదులేవయ్యా! ఆవిడ అలాగే అంటుంది, నువ్వు మొదలుపెట్టు."

"నేను వేసినా, ఎవరు వేసినా ఎప్పటికో ఒకప్పటికి... అది కాదు సార్. వేస్తాను, వేయనని కాదు. లైను బాగుందని రాసి సంతకం పెట్టేది అక్కేగా?"

"నేనెందుకు పెడతాను? నా వాల్వు పీకిన తర్వాత అది నా లైను కాదు. పీకినవాళ్లదే."

"అదేంటక్కా! ఒక్క వాల్వు జరిపినందుకు మొత్తం లైనుకి నేను పూచీనా?"

"వాల్వే కదా లైనుకి గుండెకాయ."

"పెట్టవయ్యా, ఒక్క సంతకం! నీ పేరేగా, అరిగిపోతుందా?"

"సార్... మా ఆవిడ ఫోన్ చేస్తోంది. వెళ్లాలి."

"ఫోన్ మోగలేదే!"

"మోగుతుంది సార్. మోగేలోపు వెళ్తే మంచిది. అక్కా, వస్తా. ఆ బెండ్లు భలే తిప్పావ్."

"జాగ్రత్తగా వెళ్లు తమ్ముడూ."

"ఏయ్! ఏయ్, ఆగు! పోయాడు. పోయాడు వెధవ! మీరంతా ఒక్కటే. ఒకడు నిచ్చెన దిగడు, ఒకడు పని మొదలుపెట్టడు, నువ్వేమో మాట వినవు."

"కూర్చోండి మామయ్యా. ఆ డబ్బా మీద కూర్చోండి, ఆరిపోయిందిలెండి ఆ రంగు."

"ఎందుకమ్మాయ్ నీకింత పంతం?"

"మీకెందుకు మామయ్యా?"

"నాకా? నాకు... చెబితే నవ్వుతావు."

"నవ్వను."

"చిన్నప్పుడు నేను ఎంగిలి ప్లేట్లు తీసేవాణ్ణి. వేరేవాళ్ల హోటల్లో. ఆ యజమాని ఎత్తు కుర్చీలో కూర్చునేవాడు. కన్నుతో ఇలా అంటే చాలు, లోపల పొయ్యి వెలిగేది. ఇలా అంటే ఆరిపోయేది. లేచేవాడు కాదు, అరిచేవాడు కాదు. నేను ఆ ప్లేట్లు పట్టుకుని చూస్తూ నిలబడేవాణ్ణి. ఎప్పటికైనా నాకూ అలా ఒక కుర్చీ ఉండాలనుకున్నాను. మంట ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆగాలో నా కుర్చీలోంచి నేను చెప్పాలి. అంతే. ఇప్పుడు నవ్వు."

"నవ్వు రావడంలేదు."

"మరి నీదేంటి? నీది చెప్పు."

"నాది కాదు, మా నాన్నది. ఒక హోటల్లో మంట లేస్తే, ఆర్పేశాక లైను ఎక్కడ పాడైందో చూడమని నాన్నని పిలిచారు. వెళ్లి చూస్తే లైను బాగానే ఉంది. నూనె అంటుకుంది, అంతే. కట్టేస్తే అక్కడితో పోయేది. వాల్వు మేనేజర్ గదిలో ఉంది."

"మరి కట్టొచ్చుగా?"

"గదికి తాళం. మేనేజర్ భోజనానికి ఇంటికెళ్లాడు."

"...ఎవరైనా?"

"వంటావిడ. ఆ గది తలుపు చెక్క మీద ఆవిడ గోళ్ల గీతలున్నాయట. బయటికి పోయే దారి వదిలేసి, ముందా తలుపు దగ్గరికొచ్చిందావిడ. కట్టేద్దామని. లోపల మిగతావాళ్లున్నారని."

"పోయిందా?"

"పోయింది. నాన్న ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేను ఈ పని నేర్చుకుంటానన్నప్పుడు చెప్పారు. రెంచి నా చేతికిచ్చే ముందు. మీ కుర్చీ సంగతి నాకర్థమైంది మామయ్యా. నిజంగానే. కానీ ఆ తలుపు మీద ఇంకొకళ్ల గోళ్లు పడటానికి నేను సాయం చెయ్యను. మీరు నన్ను ఇంట్లోంచి పొమ్మంటే పోతాను. ఈ వాల్వు మాత్రం ఇక్కడే ఉంటుంది. తీయాలంటే నన్ను తీసి తర్వాత దాన్ని తీయాలి."

"ఎవరు పొమ్మన్నారిప్పుడు? ఎవరైనా అన్నారా?"

"పొద్దున సగం అన్నారు."

"సగమేగా. మిగతా సగం అన్లేదుగా. ఉండనీ. ఇక్కడే ఉండనీ ఆ దిక్కుమాలిన వాల్వు."

"ఇంకో మాట."

"ఇంకోటా!"

"ఈ వెనక తలుపుకి బయట కొక్కెం పెట్టించారు. తాళం వేయడానికేనా?"

"వేయనా మరి? పాత హోటల్లో ఇటునుంచే పోయింది సరుకంతా. నూనె డబ్బాలకి కాళ్లొచ్చాయి. ముందు తలుపులోంచి పోతే నా కంటబడుతుంది."

"తాళం వేస్తే ఇంక వాల్వు ఇక్కడెందుకు? కట్టేసి ఎటుపోవాలి? గోడలోకా?"

"చూద్దాంలే."

"లోపలివైపు తోపుడు గడియ పెట్టించండి. బయటివాళ్లు రాలేరు. లోపలివాళ్లు తోస్తే తెరుచుకోవాలి."

"చూద్దాం అన్నానుగా!"

"చూద్దాం అంటే వేయననా, వేస్తాననా?"

"చూద్దాం అంటే చూద్దాం అనే. ఇంకో అర్థం నాకూ తెలీదు. వెళ్లు, వెళ్లి మీ ఆయన్ని నిచ్చెన దించు. అన్నం తినడా వాడు?"

ప్రారంభానికి ముందు రోజు. వంటగదిలో అత్త, కోడలు.

"అత్తయ్యా, పైపుకి పెట్టిన మీటరు ముల్లు కదిలిందా?"

"లేదమ్మా. నువ్వెళ్లిన దగ్గర్నుంచి రెప్ప కూడా వేయలేదు నేను. పోయి పోయి నాకప్పచెప్పావు, కళ్లు లాగేస్తున్నాయి."

"కదలకపోతే మంచిదే. లైనులో గాలి పట్టించి రెండు వైపులా మూసేశాను. ఎక్కడైనా సందుంటే గాలి పోతుంది, ముల్లు కిందికి దిగుతుంది. దిగలేదంటే గట్టిగా ఉన్నట్టు."

"గ్యాసుతోనే చూడొచ్చుగా?"

"లీకుంటే? అది చూడటానికి వచ్చి మనమే పోతాం. ముందు గాలి. గాలి నిలిచాకే గ్యాసు. ఆ తర్వాత మళ్లీ ప్రతి జాయింటుకీ సబ్బునీళ్లు."

"అగ్గిపుల్ల గీసి చూసేవాడు పాత హోటల్లో మెకానిక్కు."

"మీ కనుబొమ్మ అలాగే పోయిందా?"

"ఆ పెట్టేంటమ్మా, గోడకి అంత కిందగా పెట్టావు? కాలికి తగులుతుందేమో."

"గ్యాసు వాసన పట్టే పెట్టె. మన సిలిండర్ గ్యాసు గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద నీళ్లలా పారుతుంది. అందుకే కింద. అది కూత పెడితే లైటు కూడా వేయకండి, ఫ్యానూ వేయకండి. ఏ స్విచ్చూ ముట్టుకోకండి. వాల్వు కట్టేసి అందర్నీ తీసుకుని బయటికెళ్లిపోండి."

"వాల్వు కట్టేది... నేనా?"

"మీరే."

"నాకొద్దమ్మా. వేరేవాళ్లకి నేర్పు."

"మిగతా ముగ్గురు వంటవాళ్లకీ నేర్పాను. పెద్ద వంటావిడ మీరు. రండి. ఇలా రండి. పట్టుకోండి. ఈ పిడి పైపు వెంట ఉంటే తెరిచినట్టు. పైపుకి అడ్డంగా తిప్పితే కట్టినట్టు. చీకట్లో కూడా చేత్తో తడిమితే తెలుస్తుంది."

"విరిగిపోతుందేమో."

"విరగదు. తిప్పండి."

"ఇంతేనా?"

"ఇంతే."

"ఇంత తేలిగ్గానా! సీసా మూతకి కూడా ఇంతకంటే బలం కావాలి."

"కంగారులో కూడా తిప్పగలగాలి కదా. అందుకే అలా ఉంటుంది. ఇప్పుడు అసలు మాట వినండి. కట్టాలనిపిస్తే ఎవర్నీ అడక్కండి."

"అడక్కుండానే?"

"అడక్కుండానే."

"ఎవర్నీ?"

"ఎవర్నీ అత్తయ్యా."

"మీ మామయ్యని కూడా?"

"ముఖ్యంగా మామయ్యని."

"పిండి కలపడానికి గిన్నె మార్చాలన్నా ఆయన్నడుగుతానే నేను."

"గిన్నెకి అడగండి. దీనికొద్దు."

"ఇంకొక్కసారి తిప్పనా?"

"తిప్పండి."

"ఇంకోసారి?"

"ఎన్నిసార్లైనా. మళ్లీ తెరిచేముందు మాత్రం పొయ్యిల నాబ్‌లన్నీ కట్టి ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే ఆరిన పొయ్యిలోంచి గ్యాసు ఊరికే బయటికొస్తుంది. అత్తయ్యా, నవ్వుతున్నారేంటి?"

"ఏం లేదులే. చేతికి బాగుంది."

ప్రారంభం రోజు మధ్యాహ్నం. ముందు హాలు నిండా అతిథులు. వంటగదిలో అత్త, కోడలు, ముగ్గురు వంటవాళ్లు. యజమాని లోపలికొచ్చాడు.

"ఏంటిది? ఏంటిది! పొయ్యిలన్నీ ఎందుకారిపోయాయి? జనం వచ్చి కూర్చున్నారు! అమ్మాయ్! ఇదేనా నీ లైను?"

"నా లైను బాగానే ఉంది మామయ్యా."

"బాగుంటే మంటేది? గొప్పగా చెప్పావుగా, గాలన్నావు, ముల్లన్నావు! తీరా సమయానికి..."

"సిలిండర్లు నిండుగా ఉన్నాయి. షెడ్డుకెళ్లి చూసే వస్తున్నాను. మెయిన్ వాల్వు కట్టి ఉంది. అంతే."

"ఎవరు కట్టారు? ఏయ్, ఎవరు కట్టింది? మీలో ఎవరు?"

"వాళ్లమీద అరవకండి. నేనే కట్టానండీ."

"నువ్వా? ఏమైంది? ఏమైనా అంటుకుందా?"

"లేదు."

"వాసనొచ్చిందా? ఆ పెట్టె కూసిందా?"

"లేదండీ."

"మరెందుకే?"

"పొయ్యిలు వెలిగించాక వెనక తలుపు తోశాను. ఊరికే, ఎలా తెరుచుకుంటుందో చూద్దామని. తెరుచుకోలేదు."

"బయట తాళం వేశారా మామయ్యా?"

"ఇవాళొక్కరోజే! కొత్తమొహాలు చాలా వస్తాయి, అటూ ఇటూ తిరుగుతారు, సరుకంతా అక్కడే ఉంది... రేపట్నుంచి తీసేద్దామనుకున్నాను."

"జనం ఎక్కువున్నరోజు, పొయ్యిలన్నీ ఒకేసారి వెలిగే రోజు, ఈ ఒక్కరోజే తాళం వేశారా?"

"నువ్వాగు! నువ్వు తర్వాత. ఏమేవ్, జరుగు. నేను తిప్పుతాను."

"జరగను."

"ఏమన్నావ్?"

"జరగనన్నానండీ."

"నాతోనా?"

"ఇక్కడ మీరే ఉన్నారు కదా. పెళ్లైన దగ్గర్నుంచి ఎప్పుడైనా అన్నానా ఆ మాట? బాగుంది, నోటికి."

"పిచ్చెక్కిందా నీకు? హాల్లో బంధువులున్నారు, బజారు పెద్దమనుషులున్నారు! నా పరువేం కావాలి? వాడేడి? వాడేం చేస్తున్నాడక్కడ?"

"అందరికీ నీళ్లు పోస్తున్నారు మామయ్యా. తాగినవాళ్లకి కూడా మళ్లీ పోస్తున్నారు."

"అమ్మాయ్, నువ్వు తెరువు. నీ చేత్తో పెట్టిన వాల్వు. ఆవిడకి తెలీక చేసింది."

"తెలిసే చేశారు. కట్టినవాళ్లే తెరవాలి మామయ్యా. ఎందుకు కట్టారో వాళ్లకే కదా తెలిసేది. ఇంకొకళ్లు ముట్టుకోకూడదు. నేను కూడా."

"మీరు! మీరేం గుడ్లప్పగించి చూస్తున్నారు? గరిటెలు కింద పెట్టేశారేంటి? జీతాలు ఎవరిస్తున్నారు మీకు?"

"వాళ్లని బెదిరించకండి. వాళ్లకి తెలీదు నేను కడతానని. నాకే తెలీదు. తలుపు తోశాను, రాలేదు. నా చెయ్యి దానంతటదే వచ్చింది ఇక్కడికి."

"సాయంత్రం మాట్లాడుకుందామే. ఇంటికెళ్లాక. నువ్వేం చెప్పినా వింటాను, ఒట్టు."

"ఇంటికెళ్లాక మీకు నిద్రొస్తుంది."

"ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"తాళం తీయండి."

"అవతల జనం..."

"చుట్టూ తిరిగి వెళ్లాలి. తొందరగా వెళ్తే తొందరగా వస్తారు."

"నేను వెళ్లాలా? ఎవరినైనా పంపిస్తే..."

"వేసింది మీరు కదా మామయ్యా. వేసినవాళ్లే తీయాలి. అదే పద్ధతి."

"ఇద్దరూ ఒక్కటయ్యారు! ఒక్కటయ్యారు మీరిద్దరూ! ఉండండి. ఉండండి, మీ సంగతి... వస్తున్నా."

"వెళ్లారా అమ్మా?"

"వెళ్లారు. పరిగెత్తుతున్నారు. అత్తయ్యా, వాల్వు ఇంకా పట్టుకునే ఉన్నారు మీరు."

"తలుపు తెరిచేదాకా వదలను."

"వదలకండి."

"తప్పు చేశానా?"

"లేదత్తయ్యా."

"హాల్లో నవ్వుతున్నారా?"

"ఎవరూ నవ్వడం లేదు. నీళ్లు తాగుతున్నారు."

"అదిగో, తాళం చప్పుడు. తీస్తున్నారు."

"ఇదిగో! తెరిచాను! చూడండి, బార్లా తెరిచాను. ఇదిగో తాళం, ఇదిగో తాళంచెవి. సంతోషమా? చాలా?"

"చెవి ఇలా ఇవ్వండి."

"చెవెందుకు?"

"ఇవ్వండి."

"తీసుకో! తాళం కూడా తీసుకో. మెడలో వేసుకో. ఇంక తెరువు తల్లీ, తెరువు. అమ్మాయ్, చెప్పు మీ అత్తకి!"

"వంటవాళ్లు నాబ్‌లన్నీ కట్టేశారత్తయ్యా. నేను చూశాను. తలుపు తెరుచుకుంది. ఇంక తెరవొచ్చు మీరు."

"తెరుస్తానమ్మా. తొందరేముంది?"

"తొందరేముందా! ఏంటే ఆ మాట? అమ్మాయ్ చెప్పిందిగా, అంతా బాగుందని! తలుపు తీశాను, తాళం ఇచ్చాను. పదిమందిలో నన్ను పరిగెత్తించావు. ఇంకేంటి?"

"ఆ డబ్బా మీద కూర్చోండి. రొప్పుతున్నారు."

"కూర్చోను! మీరడిగింది చేశాను కదా?"

"తాళం తీయమని మొదట్నుంచీ అడిగింది కోడలండీ. నేనింకా ఏమీ అడగలేదు."